పాత పికప్‌లో ఏసీ చల్లదనం తగ్గిందా? గ్యాస్ పట్టించే ముందు ఇవి చూసుకోండి



తోతాపురి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయ బండ్లు గంటల తరబడి వరుసలో నిలబడటం మన చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో అందరికీ తెలిసిందే. మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలేవారికీ ఎండలో ఎదురుచూపులు తప్పవు. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజు ఇనుప క్యాబిన్‌లో ఒక గంట కూర్చున్నవారికి ఏసీ విలువ చెప్పనక్కర్లేదు. ఎండకు సొమ్మసిల్లిన మనిషి మొగిలి ఘాట్‌లోనో, భాకరాపేట ఘాట్‌లోనో స్టీరింగ్ పట్టుకుంటే పంటతో పాటు ప్రాణం కూడా ప్రమాదంలో పడుతుంది.

ఏసీ చల్లదనం తగ్గగానే చాలామంది చేసే మొదటి పని గ్యాస్ పట్టించడం. ఇది ఆకు పసుపు రంగుకు తిరగగానే యూరియా చల్లడం లాంటిది. ఆకు పసుపు కావడానికి నత్రజని లోపం ఒక కారణం మాత్రమే. ఇనుము లోపం, వేరుకుళ్లు, నీరు నిలవడం, వైరస్ కూడా కావచ్చు. ఏసీ విషయం కూడా అంతే. కారణం తెలుసుకోకుండా మందు వేస్తే డబ్బు పోతుంది, జబ్బు మిగులుతుంది.

గ్యాస్ డీజిల్ లాగా ఖర్చయ్యేది కాదు

ఏసీలోని గ్యాస్ మూసిన పైపుల్లోనే తిరుగుతుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి, రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లోకి పంపుతుంది. అక్కడ అది వేడిని బయటి గాలికి వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో మళ్లీ ఆవిరవుతూ క్యాబిన్‌లోని వేడిని లాక్కుంటుంది. పాత బండిలో ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా గ్యాస్ తగ్గడం సహజమే. కానీ పట్టించిన కొన్ని నెలలకే మళ్లీ తగ్గితే ఎక్కడో లీకు ఉన్నట్టే.

నా పాత బండికి ఒకే వేసవిలో రెండుసార్లు గ్యాస్ పట్టించాను. మూడోసారి ఇంకో మెకానిక్ బానెట్ ఎత్తి, పైపు జాయింటు దగ్గర దుమ్ము పట్టిన నూనె మరక చూపించాడు. కారణం లోపల అరిగిపోయిన చిన్న రబ్బరు రింగు! గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికి వస్తుంది కాబట్టి నూనె మరకే లీకుకు గుర్తు. ఆ మరక మొదటిసారే చూసి ఉంటే రెండుసార్లు పెట్టిన ఖర్చు మిగిలేది.

మొదటి పరీక్ష: గాలి తక్కువా, చల్లదనం తక్కువా?

బండి స్టార్ట్ చేసి, అద్దాలు ఎత్తి, బ్లోయర్ ఫుల్‌లో పెట్టండి. బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగేలా మీట మార్చండి. ఈ మీట బయటి గాలి వైపు ఉండిపోయి, ఏసీ చెడిపోయిందనుకునే వారు చాలామంది ఉన్నారు. పది నిమిషాలు రోడ్డు మీద నడిపాక మధ్య రంధ్రం దగ్గర చిన్న థర్మామీటర్ పెట్టి చూడండి (జ్వరం చూసేది పనికిరాదు). బయటి వేడి కంటే కనీసం 15 డిగ్రీలు తక్కువ చూపిస్తే ఏసీ దాదాపు సరిగా ఉన్నట్టే.

గాలే తక్కువగా వస్తుంటే

- క్యాబిన్ ఫిల్టర్ ఉన్న బండి అయితే తీసి చూడండి. మట్టిరోడ్ల మీద తిరిగే బండికి అది త్వరగా మూసుకుపోతుంది.
- మొదట చల్లగా వచ్చి, అరగంటకు గాలి సన్నబడి, ఏసీ కాసేపు ఆపితే మళ్లీ బాగా వస్తోందా? కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకడుతోంది. థర్మోస్టాట్ లోపం, కాయిల్‌కు పట్టిన దుమ్ము, గ్యాస్ తగ్గడం ఇందుకు కారణాలు కావచ్చు.
- ఏసీ నడిచేటప్పుడు బండి కింద నీటి చుక్కలు పడటం మంచిదే. ఆ నీరు కాళ్ల దగ్గర పడుతుంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయిందని అర్థం.

గాలి బాగా వస్తున్నా చల్లగా లేకపోతే

- కండెన్సర్: మన బండ్లలో ఎక్కువగా కనిపించే కారణం ఇదే. ఎర్రమట్టి, వేరుశనగ కట్టె ముక్కలు, వరిగడ్డి, పురుగులు దాని సందుల్లో ఇరుక్కుంటాయి. ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారాక, మామూలు పైపుతో మెల్లగా నీళ్లు కొట్టి కడగండి. సర్వీస్ స్టేషన్ ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొడితే పల్చటి రేకులు వంగి గాలి ఆగిపోతుంది. పురుగుమందు కొట్టే స్ప్రేయర్ మాత్రం వాడవద్దు. ట్యాంకులో మిగిలిన మందు వాసన మీరు పీల్చే గాలిలోకే వస్తుంది.
- ఫ్యాను: పోతున్నప్పుడు చల్లగా ఉండి, నిలబడగానే వేడిగా వస్తోందా? కండెన్సర్ మీద గాలి ఆడటం లేదు. కరెంటు ఫ్యాను ఉన్న బండిలో ఫ్యూజు, రిలే, వైరు చూపించండి. ఇంజన్‌తో తిరిగే ఫ్యాను ఒక్కటే ఉంటే దాని క్లచ్ చూపించండి. ఫ్యాను తిరిగేటప్పుడు చేయి దగ్గర పెట్టవద్దు.
- బెల్టు: ఏసీ వేయగానే కీచుమని శబ్దం వస్తే బెల్టు వదులైంది లేదా అరిగిపోయింది.
- కంప్రెసర్ క్లచ్: ఏసీ నొక్కగానే టక్‌మనే చిన్న శబ్దం వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు పోయి ఉండవచ్చు, లేదా గ్యాస్ బాగా తగ్గి ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపి ఉండవచ్చు.
- హీటర్: పాత బండ్లలో హీటర్ వాల్వ్ గాని, లోపలి తలుపు గాని పూర్తిగా మూసుకోదు. చల్లగాలిలో వేడి కలుస్తుంది. దీనికి ఎంత గ్యాస్ పట్టించినా లాభం లేదు.

మెకానిక్‌ను అడగవలసినవి

ఇవన్నీ చూశాక కూడా తేడా లేకపోతే ఏసీ మెకానిక్ దగ్గరికి వెళ్లండి. గ్యాస్ పైపులు సొంతంగా విప్పవద్దు. చర్మం మీద పడితే మంచుదెబ్బ తగులుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు.

1. ముందు లీకు పరీక్ష చేయమనండి. లీకు బాగు చేయకుండా గ్యాస్ పట్టించవద్దని చెప్పండి.
2. గ్యాస్ నింపే ముందు వాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ తీయమనండి. పైపులు విప్పిన ప్రతిసారీ రిసీవర్ డ్రయర్ కొత్తది వేయించడం మేలు.
3. బానెట్ కింద స్టిక్కర్ మీద గ్యాస్ రకం, బరువు రాసి ఉంటాయి. ఆ బరువు ప్రకారం తూచి నింపమనండి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది.
4. మన రోడ్ల మీద తిరిగే పాత పికప్‌లలో ఎక్కువగా ఆర్-134ఏ గ్యాస్ ఉంటుంది. చౌక అని వంటగ్యాస్ లాంటి మండే గ్యాస్ నింపనీయవద్దు.
5. మార్చిన పాత సామాను, బిల్లు అడిగి తీసుకోండి.

రెండు ముఖ్యమైన జాగ్రత్తలు

పురుగుమందు డబ్బాలు, కలుపు మందులు క్యాబిన్‌లో పెట్టవద్దు. అద్దాలు మూసి, లోపలి గాలే తిరుగుతున్నప్పుడు వాటి ఆవిరి మనం, పక్కన కూర్చున్న పిల్లలు పీలుస్తూనే ఉంటాం. వాటిని వెనుక ట్రాలీలో, తినే సరుకుకు దూరంగా పెట్టండి.

ఫ్యాక్టరీ వరుసలో రాత్రిపూట ఇంజన్, ఏసీ వేసుకొని అద్దాలు మూసి నిద్రపోవద్దు. సైలెన్సర్ చిల్లుపడినా, పక్క బండ్ల పొగ లోపలికి వచ్చినా వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంజన్ ఆపి, అద్దాలు దించి పడుకోండి.

ఏసీ బాగు చేయించే వీలు ఇప్పుడు లేకపోతే కాయ తెల్లవారుజామునే కోయించి, ఎండ ముదరకముందే బండి కదిలించండి. నీళ్లు, ఓఆర్ఎస్ వెంట ఉంచుకోండి. తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా వెంటనే బండి నీడన ఆపి, ఒళ్లు తడుపుకొని నీళ్లు తాగండి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా వడదెబ్బగా భావించి 108కు ఫోన్ చేయండి.

మామిడి సీజన్‌కు ముందు కావడిలు, క్రేట్లు సరిచూసుకున్నట్టే, ఒక ఉదయం బానెట్ ఎత్తి కండెన్సర్ కడిగి, బెల్టు చూసుకోండి. గంట పని. గ్యాస్ పట్టించాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచించవచ్చు.