బంగారు వీధులు కావవి... చెమట వీధులు!

అమెరికాలో వీధులన్నీ బంగారంతో పరిచి ఉంటాయట!

వందేళ్లకు పైబడిన కబురిది. ఇటలీ పల్లెల్లో, పోలండ్ పొలాల్లో, రష్యాలోని యూదుల పేటల్లో ఆ నోటా ఈ నోటా పాకింది. నమ్మినవాళ్లూ, సగమే నమ్మినవాళ్లూ కూడా ఉన్నదంతా అమ్ముకుని ఓడెక్కారు. తీరా దిగాక తమకు మూడు సంగతులు తెలిశాయని వాళ్లే నవ్వుతూ చెప్పుకునేవారు. ఒకటి, వీధులకు బంగారం పరచలేదు. రెండు, అసలేమీ పరచలేదు. మూడు... పరవాల్సింది తామే!

అది హాస్యమే కానీ అబద్ధం కాదు. 1880-1920 మధ్య రెండు కోట్ల మందికి పైగా విదేశీయులు అమెరికాలో అడుగుపెట్టారు. ఉక్కు మిల్లులు, కబేళాలు, గనులు, కుట్టు కార్ఖానాలు... అన్నీ వాళ్ల రెక్కల కష్టంతోనే నడిచాయి. షికాగోనే తీసుకోండి. 1870లో అక్కడి జనాభా సుమారు 3 లక్షలు. మరుసటి ఏడాదే ఘోర అగ్నిప్రమాదంలో ఊరి నడిబొడ్డంతా బూడిదైంది. అయినా 1890 కల్లా జనాభా 11 లక్షలైంది. 1910లో 22 లక్షలకు చేరువైంది. అదే ఏడాది న్యూయార్క్ జనాభా 47 లక్షలు. అందులో ప్రతి పదిమందిలో నలుగురు పరాయిగడ్డ మీద పుట్టినవాళ్లే! 1920 జనగణనలో అమెరికా చరిత్రలోనే తొలిసారి పట్నవాసులు పల్లెవాసుల్ని మించిపోయారు.

సుద్దగీత పడిందంటే...

1892 జనవరి 1న న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ దీవిలో వలసదారుల తనిఖీ కేంద్రం తెరుచుకుంది. మొదట లోపలికొచ్చిన వ్యక్తి ఆనీ మూర్. ఐర్లండ్ అమ్మాయి, వయసు 17. ఇద్దరు తమ్ముళ్లను వెంటబెట్టుకుని, అప్పటికే న్యూయార్క్‌లో ఉన్న అమ్మానాన్నల దగ్గరకు వచ్చింది. అధికారులు ఆమె చేతిలో పది డాలర్ల బంగారు నాణెం పెట్టి స్వాగతం పలికారు.

అందరికీ అంత మర్యాద దక్కలేదు. మొదటి, రెండో తరగతి ప్రయాణికులను ఓడలోనే చూసి పంపేసేవారు. దీవికి వెళ్లాల్సింది అడుగు అంతస్తులో కిక్కిరిసి వచ్చిన పేదలే. వాళ్లు మూటాముల్లెతో మెట్లెక్కుతుంటే డాక్టర్లు పైనుంచి గమనించేవారు. ఎవరు కుంటుతున్నారు, ఎవరు ఆయాసపడుతున్నారు? అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఓ అక్షరం రాసేవారు. గుండెజబ్బుకు ఒకటి, కుంటికి ఒకటి, మతిస్థిమితం మీద అనుమానానికి ఇంకొకటి. అన్నిటికన్నా భయం కంటి పరీక్షంటేనే. బూట్ల గుండీలు పెట్టే కొక్కెంతో రెప్పలు తిరగేసి ట్రకోమా ఉందేమో చూసేవారు. ఉందంటే చాలాసార్లు వెనక్కి పంపడమే!

1907 ఏప్రిల్ 17న ఒక్కరోజే 11,747 మంది ఆ తలుపులు దాటారు. మొత్తమ్మీద వెనక్కి పంపింది నూటికి ఇద్దరినే. కానీ ఆ ఇద్దరిలో ఒకరు కన్నబిడ్డ అయితే? తల్లి కూడా తిరుగు ఓడ ఎక్కాలా, తండ్రితో ఇక్కడే ఉండిపోవాలా? అలాంటి కన్నీళ్లను చూసిన దీవి కాబట్టే దానికి ‘కన్నీటి దీవి’ అని పేరొచ్చింది.

కిటికీ లేని గది

దీవి దాటినవాళ్లలో ఎంతోమంది చేరింది మన్‌హాటన్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌కి. పాతికడుగుల వెడల్పు, వంద అడుగుల పొడవు ఉండే స్థలంలో ఐదారంతస్తుల టెన్‌మెంట్లు. ఆర్చర్డ్ వీధిలో 1863లో కట్టిన 97వ నంబరు భవనంలో ఒక్కో వాటా 325 చదరపు అడుగులు. మూడు గదుల్లో ఒక్కదానికే బయటివైపు కిటికీ. మరుగుదొడ్లు పెరట్లో. భార్యాభర్తలు, నలుగురైదుగురు పిల్లలు, అద్దె కలిసొస్తుందని పెట్టుకున్న మరో ఇద్దరు... అందరూ అందులోనే! చాలా ఇళ్లలో పగలు అదే గది కార్ఖానా. ఆడవాళ్లూ పిల్లలూ కూర్చుని బట్టలు కుట్టేవారు, చుట్టలు చుట్టేవారు.

ఆ చీకటిని బయటి లోకానికి చూపించినవాడూ వలసదారే. డెన్మార్క్ నుంచి 1870లో వచ్చిన జేకబ్ రీస్ తిండికీ నిద్రకూ అల్లాడి, చివరికి పోలీసు వార్తలు రాసే విలేకరి అయ్యాడు. అప్పుడే కొత్తగా వచ్చిన ఫ్లాష్ పొడి వెలిగించి చీకటి గదుల్ని ఫొటోలు తీశాడు. 1890లో అవి పుస్తకంగా వస్తే డబ్బున్న న్యూయార్క్ ఉలిక్కిపడింది. 1901 చట్టంతో కొత్తగా కట్టే ఇళ్లలో ప్రతి గదికీ కిటికీ, ప్రతి వాటాకీ మరుగుదొడ్డి తప్పనిసరయ్యాయి. షికాగోలో జేన్ ఆడమ్స్ 1889లోనే హల్ హౌస్ తెరిచి, వలస కుటుంబాలకు చదువు, పిల్లల సంరక్షణ అందించింది. 1931లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

మరి ఆనీ మూర్? ఆమె జీవితమంతా లోయర్ ఈస్ట్ సైడ్‌లోనే గడిచింది. కన్నబిడ్డల్లో చాలామందిని పసితనంలోనే పోగొట్టుకుంది. చాలాకాలం చరిత్ర ఆమెను టెక్సస్‌కు వెళ్లిన మరో ఆనీగా పొరబడింది. అసలు సంగతి బయటపడింది 2006లోనే.

పద్దెనిమిది నిమిషాలు

1909 నవంబరులో ఆడవాళ్ల చొక్కాలు కుట్టే సుమారు 20 వేలమంది సమ్మెకు దిగారు. ఎక్కువమంది యూదు, ఇటాలియన్ యువతులే. ముందుండి పిలుపునిచ్చిన క్లారా లెమ్లిచ్‌ వయసు 23. చాలా కంపెనీలు దిగొచ్చాయి. యూనియన్‌తో ఒప్పందానికి ససేమిరా అన్నవాటిలో ట్రయాంగిల్ ఒకటి.

1911 మార్చి 25, శనివారం. పని ముగిసే వేళకు ట్రయాంగిల్‌లో నిప్పంటుకుంది. తొమ్మిదో అంతస్తులో మెట్లవైపు తలుపుకి తాళం! సరుకు దొంగిలిస్తారన్న అనుమానంతో వేసింది. బయట వేలాడే ఇనుప మెట్లు బరువుకు కూలిపోయాయి. అగ్నిమాపక దళం నిచ్చెన ఆరో అంతస్తు దగ్గరే ఆగిపోయింది. లిఫ్ట్ నడిపేవాళ్లు ప్రాణాలకు తెగించి పైకీ కిందికీ తిరిగి ఎంతోమందిని దించారు. మిగిలినవాళ్లలో చాలామంది కిటికీల్లోంచి దూకేశారు. దాదాపు పద్దెనిమిది నిమిషాల్లో అంతా అయిపోయింది. 146 మంది చనిపోయారు. వాళ్లలో 123 మంది ఆడవాళ్లు.

యజమానులూ వలస వచ్చినవాళ్లే. కోర్టు వారిని నిర్దోషులంది! 1914లో సివిల్ దావాల్లో తేల్చిన పరిహారం ప్రాణానికి 75 డాలర్లు. కానీ ఆరోజు వీధిలో నిలబడి చూసినవారిలో ఫ్రాన్సిస్ పెర్కిన్స్ ఉంది. ఆ తర్వాత ఫ్యాక్టరీలపై జరిగిన విచారణలో ఆమె పాలుపంచుకుంది. నిప్పు భద్రత, పనిగంటలపై న్యూయార్క్ రాష్ట్రంలో వరసగా చట్టాలొచ్చాయి. 1933లో ఆమె అమెరికా కార్మికమంత్రి అయింది. ఆ దేశ కేబినెట్‌లో తొలి మహిళ ఆమే.

తలుపులు మూసి... తెరిచి

ఇంత కష్టం చేసినా ‘వీళ్లు మనవాళ్లు కారు’ అన్న మాట ఆగలేదు. 1882లోనే చైనా కూలీలను రావద్దన్నారు. 1917 చట్టం భారతీయులకూ తలుపు మూసింది. 1924లో దేశాలవారీ కోటాలు పెట్టి ఇటలీ, పోలండ్, రష్యాల వలసను బాగా తగ్గించేశారు. ఆనీ మూర్ కన్నుమూసిందీ ఆ ఏడాదే. ఎల్లిస్ దీవి కేంద్రం 1954లో మూతపడింది.

ఆ కోటాలు పోయింది 1965 చట్టంతో. ఆ దారిలోనే మన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు పెద్దసంఖ్యలో అమెరికా విమానమెక్కారు. వాళ్లకు సుద్దగీతలు లేవు, కిటికీ లేని గదులూ లేవు.

ఆర్చర్డ్ వీధి 97వ నంబరు ఇప్పుడు మ్యూజియం. 1935 వరకూ అందులో దాదాపు 7 వేలమంది కాపురం ఉన్నారు. ఇరుకు వంటగది, అరిగిన చెక్క మెట్లు చూడటానికి జనం టికెట్ కొనుక్కుని వస్తారు. వాళ్లలో కొందరికి అది తాతమ్మ ఇల్లు!