విశ్రాంతివేళ కంప్యూటరు చేయు సేవ

మన యిండ్లలోని కంప్యూటరు తెఱచియుండియుఁ జాలసేపు పనిలేక యుండును. ఆ కాలమును శాస్త్రజ్ఞుల కొసఁగు మార్గమును గూర్చి విద్యార్థులు పలుమాఱు అడుగుటచే నిచట వ్రాయుచున్నాము.

అమెరికా, జర్మనీ దేశముల శాస్త్రజ్ఞులు 2005లో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అను కార్యము నారంభించిరి. అందుఁ జేరువారు బోయింక్ అను ఉచిత ప్రోగ్రామును తమ యంత్రమున నుంచుకొందురు. ఆకాశమునుండి గ్రహించిన సంకేతములు చిన్న తునుకలై ఇంటర్నెట్టు ద్వారా వారికి వచ్చును. గణితము ముగియఁగనే ఫలితము తిరిగిపోవును. ఒక్క యింటి లెక్కను నమ్మరు. ఒకే తునుకను వేఱువేఱు యంత్రములకుఁ బంపి, ఫలితములు సరిపోలినఁగాని స్వీకరింపరు. మా లెక్కల తరగతిలోను ఇదియే పద్ధతి!

ప్యూర్టోరికో ద్వీపమందలి అరెసిబో రేడియో దూరదర్శిని 2007లో గ్రహించిన సంకేతములు ఇట్లే పంచఁబడెను. 2010లో అయోవా రాష్ట్రమందలి దంపతుల యంత్రమును, జర్మనీలోని మైంట్స్ నగరమందలి యొక యంత్రమును చేసిన గణితమున అంతవఱ కెవ్వరు నెఱుఁగని నక్షత్రము బయల్పడెను. అది దాదాపు 17,000 కాంతిసంవత్సరముల దూరమున నుండి సెకనునకు సుమారు 41 మాఱులు తిరుగుచున్నది. ఇట్టిదానిని పల్సరందురు.

అయితే ఈ కానుక ఖర్చులేనిది కాదు. ఎడతెగక లెక్కించు యంత్రము వేఁడెక్కును, విద్యుత్తు నెక్కువగాఁ దినును. మన వేసవిలోఁ జెప్పనే యక్కఱలేదు. మా విద్యార్థి యొకఁడు తండ్రి నడుగకయే దీనిని నడపి, కరెంటుబిల్లు వచ్చిన దినమున చీవాట్లు తినెను. పరుల సంచిలోని నాణెమును చందాపెట్టెలో వేయుట దానమగునా? యంత్రము వాడనపుడు మాత్రమే, శక్తిలో సగమే వినియోగించునట్లు ప్రోగ్రాములో నియమింపవచ్చును. ఆ తండ్రి యిపుడు రాత్రి రెండుగంటలకు సమ్మతించి, ఏ తునుక వచ్చినదని తానే యడుగుచున్నాఁడఁట.