24 పాటలకు 2,22,000 డాలర్లు: సంగీత కంపెనీలపై అమెరికా శ్రోతల ఆగ్రహం

ఖాళీ క్యాసెట్టు, దానితో పాటు కోరిన పాటల పట్టిక దుకాణదారు చేతికిస్తే, సాయంత్రానికి పాటలు నింపి ఇచ్చే రోజులు సరిహద్దు పల్లెల పెద్దలకు గుర్తుండే ఉంటాయి. అది చట్టసమ్మతం కాదని ఎందరికి తెలుసు? అటువంటి పనే అమెరికాలో కంప్యూటర్ల మీద సాగినప్పుడు అక్కడి సంగీత కంపెనీలు దుకాణాలను కాక, నేరుగా శ్రోతల ఇళ్లను పట్టుకున్నాయి.

1999లో నాప్‌స్టర్ అనే సేవ ఆరంభమైంది. ఒకరి కంప్యూటరులోని పాటను ఎక్కడో ఉన్న మరొకరు ఉచితంగా తీసుకొనే వీలు కలిగింది. కంపెనీలు దావా వేయగా 2001లో అది మూతపడింది. వెంటనే కజా వంటివి తలయెత్తాయి. సీడీల అమ్మకాలు పడిపోసాగాయి. కంపెనీల నష్టం కల్పితం కాదు, హక్కు కూడా వారిదే. వివాదమంతా ఆ హక్కును వాడిన తీరు గురించే.

2003 సెప్టెంబరులో రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఒకేసారి 261 మందిపై వ్యాజ్యాలు వేసింది. పాటలు పంచుతున్న కంప్యూటరు ఐపీ సంఖ్యను ముందుగా గుర్తించేవారు. ఆ సంఖ్య ఎవరిదో ఇంటర్నెట్ సంస్థ నుండి రాబట్టేవారు. అయితే దానివల్ల తెలిసేది బిల్లు ఎవరి పేరున వస్తున్నదన్నది మాత్రమే. పాట దింపుకున్నది కొడుకో, అద్దెకున్నవాడో ఆ సంఖ్య చెప్పదు. కరెంటు మీటరు ఇంటి యజమాని పేరున ఉన్నంత మాత్రాన దీపం వేసింది ఆయనే అనగలమా?

తొలి విడతలోనే న్యూయార్క్‌లో ప్రభుత్వ గృహసముదాయంలో నివసించే 12 ఏళ్ల బాలిక చిక్కింది. తల్లి 2,000 డాలర్లు చెల్లించి బయటపడింది. 2005లో వెస్ట్ వర్జీనియాలో అప్పటికే మరణించిన 83 ఏళ్ల వృద్ధురాలిపై దావా వేసి, పిమ్మట ఉపసంహరించుకున్నారు. తప్పు చేయలేదని నమ్మినవారు సైతం రాజీకే మొగ్గారు. కారణం సులభమే. రాజీకి మూడు నాలుగు వేల డాలర్లు చాలు. న్యాయవాదిని పెట్టుకుంటే అంతకు ఎన్నో రెట్లు. పైగా అమెరికా చట్టం ఒక్కో కృతికి 750 నుండి 30,000 డాలర్ల వరకు, బుద్ధిపూర్వకమని తేలితే 1,50,000 వరకు పరిహారం విధించనిస్తుంది. వాస్తవంగా ఎంత నష్టం జరిగిందో నిరూపించనక్కరలేదు.

డబ్బు పెట్టి సీడీ కొన్నవారికీ చేదు తప్పలేదు. 2005లో సోనీ బీఎంజీ తన సీడీలలో పెట్టిన నకలు నిరోధక సాఫ్ట్‌వేరు, కొన్నవారికి తెలియకుండానే కంప్యూటరులో దాగి, దానిని వైరస్‌లకు అనువుగా మార్చింది. గగ్గోలు చెలరేగాక కంపెనీ ఆ సీడీలను వెనక్కు తీసుకున్నది.

రాజీకి ఒప్పుకోని మిన్నెసోటా మహిళ కథ అన్నిటికంటె సుదీర్ఘం. విచారణకు వచ్చినవి 24 పాటలు. ఆ రోజుల్లో ఐట్యూన్స్‌లో పాట వెల 99 సెంట్లు; అన్నీ కొన్నా 24 డాలర్లు దాటవు. 2007లో జ్యూరీ ఆమె చెప్పినది నమ్మక 2,22,000 డాలర్లు విధించింది. పాటను అందుబాటులో ఉంచడమే పంపిణీ అని జ్యూరీకి తాను చెప్పినది పొరపాటని గ్రహించి, న్యాయమూర్తి ఆ తీర్పును 2008లో తానే రద్దుచేశారు. 2009లో రెండవ జ్యూరీ పాటకు 80,000 చొప్పున 19,20,000 డాలర్లు వేసింది. అది దారుణమని భావించిన న్యాయమూర్తి 54,000కు తగ్గించారు. కంపెనీలు అంగీకరించలేదు. 2010లో మూడవ జ్యూరీ 15,00,000 అన్నది. న్యాయమూర్తి మళ్లీ 54,000కే దించారు. ముగ్గురు జ్యూరీలూ కంపెనీల పక్షమే వహించారన్నది మరువరాదు. శ్రోతలు ఆగ్రహించింది ఆమె నిర్దోషి అని కాదు, తప్పుకూ శిక్షకూ నడుమ పొంతన లేకపోవడం చూసి.

ఈ నడుమనే, 2008 డిసెంబరులో, శ్రోతలపై మూకుమ్మడి వ్యాజ్యాలు ఇక వేయబోమని పరిశ్రమ ప్రకటించింది. అప్పటికి వేలాది కుటుంబాలు రాజీ సొమ్ము చెల్లించాయి. మిన్నెసోటా దావా మాత్రం ఆగలేదు. 2012లో అప్పీలు న్యాయస్థానం తొలి మొత్తమైన 2,22,000 డాలర్లనే ఖాయం చేసింది. 2013 మార్చిలో సుప్రీంకోర్టు ఆమె విన్నపాన్ని స్వీకరించ నిరాకరించింది.