మీకు తెలుసా? ప్రింటర్ క్యూ చూసేది మన గడియారం కాదు

లినక్స్‌లోనైనా మ్యాక్‌లోనైనా మనం ప్రింట్‌కు పంపిన ఫైలు సాధారణంగా కప్స్ అనే వ్యవస్థ చేతికి వెళ్తుంది. మైఖేల్ స్వీట్ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ 1999లో వచ్చింది. 2002లో ఆపిల్ దీన్ని మ్యాక్ ఓఎస్ ఎక్స్ 10.2లో చేర్చుకుంది.

టెర్మినల్‌లో ‘ఎల్‌పీస్టాట్’ అని కొడితే, మీరు పంపినవాటిలో ఇంకా ప్రింట్ కానివి ఒక్కోటీ ఒక నంబరుతో కనిపిస్తాయి. అసలు పట్టు ఆ నంబరులోనే ఉంది. దాన్ని ‘క్యాన్సిల్’ పక్కన రాస్తే ఆ పని రద్దవుతుంది. దాన్నీ, మరో ప్రింటర్ పేరునూ ‘ఎల్‌పీమూవ్’ పక్కన రాస్తే పని ఆ ప్రింటర్‌కు మారుతుంది. కాగితం ఇరుక్కుని ఒక మెషీన్ మొరాయించినప్పుడు ఫైలు మళ్లీ తెరిచి పంపనక్కర్లేదు.

అర్జంటు పనిని ముందుకు జరపాలంటే ప్రాధాన్యం సంఖ్య పెంచాలి. 1 నుంచి 100 వరకు ఇవ్వొచ్చు, మామూలుగా ఉండేది 50. అయితే ఇప్పటికే అచ్చవుతున్నదాన్ని ఇది ఆపదు.

ఇక గడియారం సంగతి. ‘ఎల్‌పీ’ కమాండ్‌లో క్యాపిటల్ ‘హెచ్’ ఆప్షన్ వాడి ఫలానా సమయానికి ప్రింట్ తీయమని చెప్పొచ్చు. కానీ అది చూసేది యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం. మన దేశ సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. కాబట్టి రాత్రి 8 గంటలకు కాగితాలు కావాలంటే 14:30 అని రాయాలి. 20:00 అని రాస్తే అవి తెల్లవారుజామున ఒంటిగంటన్నరకు వస్తాయి!