సంక్రాంతి విందునకు మన పెరటి కూరలు

పుష్యమాసము సమీపించినదనగా మన శ్రీరాంపూరు చుట్టుపట్ల పల్లెలలో బియ్యము నానబోయు పని మొదలగును. సకినాలకును, అరిసెలకును, గారెలకును పిండి కావలెను గదా. తెల్లని గుడ్డ పఱచి, నువ్వులును వామును కలిపిన తడిపిండిని వ్రేళ్లతో మెలిపెట్టుచు చుట్టుమీద చుట్టుగా సకినము పోయుట మన తెలంగాణపు స్త్రీల చేతికి తల్లుల నుండి వచ్చిన విద్య. ఆడపిల్ల యత్తవారింటికి సకినాలు పంపని యిల్లు మనలో అరుదు. వీనిని మానుడని చెప్పుటకు మేము కలము పట్టలేదు. అట్లు చెప్పినను వినువారుండరు. మా యింటిలోనే యుండరు.

మేము చెప్పదలచినది వేఱు. సరిగా ఆ దినములలోనే మన చేలలోను పెరళ్లలోను సొర, చిక్కుడు, పాలకూర, మెంతికూర, ఉల్లికాడలు, టమాట, క్యారెట్టు విరివిగా వచ్చును. అందఱి కాపును ఒక్కసారి అంగడికి చేరుటచే ధర పడిపోవును. గంపలకొలది సొరకాయలను మంచిర్యాలకు కొనిపోయి, బండి కిరాయియైన గిట్టక మఱల తెచ్చుకొన్న రైతులను మేమెఱుగుదుము. ఒక యేడు ఆ రైతులలో మేమును ఒకరము. ఆ కాయలను గేదెలకు కోసివేసితిమి. ఆ సాయంకాలమే మా యింట పండుగ విందు. పళ్లెములలో పిండియు, నూనెయు, బెల్లమునే గాని ఆకుకూర రేకైనను లేదు. పండిన కూర పశువులకు, నూనెలో వేగిన పిండి పిల్లలకు!

ఆ విందునకు మా బావగారు వచ్చిరి. ఆయన బొగ్గుగనిలో పనిచేయువారు. మొదటి షిఫ్టు ముగించుకొని, స్నానము చేసి, నేరుగా మా యింటికి వచ్చిరి. అప్పటికి రెండేండ్లుగా ఆయనకు చక్కెరవ్యాధియు రక్తపుపోటును గలవు. అందఱి నడుమ కూర్చుండి, సకినాలు గల పళ్లెమును ముందుంచుకొని, ఒక గ్లాసు మజ్జిగ మాత్రము త్రాగి లేచిరి. ఎవరును బలవంతపెట్టలేదు. వండిన మా తల్లిగారు మాత్రము ఆ రాత్రి భోజనము చేయలేదు. ఇంటికి వచ్చిన అల్లునికి తినదగినది యొక్కటియైనను చేయకపోతినే యని ఆమె బాధ. గనుల చుట్టునుండు పల్లెలలో ఇట్టి బంధువు లేని యిల్లు ఎన్ని కలవో చదువరులే లెక్కించుకొనవచ్చును.

మఱునాడు మిగిలిన రెండు సొరకాయలతో ఆమె సర్వపిండి చేసినది. అప్పటినుండి మా యింట పండుగకు అదియే ముఖ్యమైన చిఱుతిండి. సర్వపిండి మనకు క్రొత్తది కాదు. సర్వలో అద్ది కాల్చుదురు గనుక ఆ పేరు వచ్చినది. కొందఱు గిన్నె అప్ప యనియు, కొందఱు తపాల చెక్క యనియు నందురు. అందులో సొరకాయ కోరు కలుపుటయు కొన్ని యిండ్లలో పాతవాడుకయే. దీనిలోని మేలు ఏమనగా, సకినము నూనెలో మునిగి వేగవలెను. దీనికి రెండు మూడు చెంచాల నూనె చాలును.

ముందుగా ఒక హెచ్చరిక. సొరకాయను కోసిన వెంటనే చిన్న ముక్కను నాలుకకు తాకించి చూడవలెను. చేదుగా నున్నచో కాయ మొత్తమును పాఱవేయవలెను. చేదు సొరలోని విషపదార్థము వలన వాంతులు, రక్తస్రావము కలిగి ప్రాణము మీదికి వచ్చుట కలదు. ఉడికించినను ఆ చేదు పోదు.

లేతకాయను చెక్కుతీసి కోరవలెను. కోరు ఎంత యుండునో పిండి అంతకు రెట్టింపు. పిండిలో సగము బియ్యపు పిండి, సగము జొన్నపిండి. నానిన చనగపప్పు గుప్పెడు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, నువ్వులు రెండు చెంచాలు, పచ్చిమిరపయు వెల్లుల్లియు జీలకఱ్ఱయు నూఱిన ముద్ద, సన్నగా తఱిగిన ఉల్లికాడలు, కఱివేపాకు, కొత్తిమీర. మునగాకు దొరికినచో చారెడు వేయవలెను. నిజము చెప్పవలెనన్న, సొరకాయలో నూటికి తొంబదిపాళ్లకు మించి నీరే, బలమునిచ్చునది ఆకు. సొర చేయు మేలు పిండిని తగ్గించి కడుపు నింపుట, అప్పను మెత్తబఱచుట.

మేము మొదటిసారి చేసిన పొరపాటు నీటి విషయమున. మామూలు పిండికివలె ముందే నీరు పోసి కలిపితిమి. ఉప్పు తగిలిన కోరు తన నీరును విడువగా ముద్ద జావయై, మఱల పిండి పోయవలసి వచ్చినది. ఉప్పు చాలక, సర్వకు అంటుకొని, ముక్కలుగా గీకి తింటిమి. కనుక కోరులో ఉప్పు వేసి పదినిముషములు ఊరకుంచవలెను. ఆ నీటితోనే పిండి కలిపి, చాలనప్పుడు మాత్రమే నీరు చిలకరింపవలెను. ముద్ద రొట్టెపిండికన్న కొంచెము మెత్తగా నుండవలెను.

సర్వ లోపల నూనె రాచి, ముద్దనుంచి, అడుగునను అంచులకును పలుచగా అద్ది, వ్రేలితో అక్కడక్కడ గుంటలు పెట్టి, ఒక్కొక గుంటలో ఒక్కొక చుక్క నూనె వేయవలెను. ఆ గుంటల వలననే లోపలి పిండి పచ్చిగా మిగులదు. మూతపెట్టి సన్నని మంటపై పది పండ్రెండు నిముషములుంచిన, అంచులు విడివడి వేగిన నువ్వుల వాసన వచ్చును. దీనిని తిరుగవేయ నక్కఱలేదు. రెండవది అద్దుటకు ముందు సర్వను బోర్లించి వెనుక భాగమున నీరు పోసి చల్లార్పవలెను. వేడి సర్వలో పిండి అంటదు, చేయి కాలును.

చక్కెరవ్యాధి గలవారు దీనినైనను మితముగానే తినవలెను. జొన్న కలిపినంత మాత్రమున పిండి పిండి కాకపోదు. మా బావగారు వైద్యుని అడిగి, ఒకదానిలో సగము, దానితో గిన్నెడు చిక్కుడు గింజల గుగ్గిళ్లును తిందురు. ఉప్పు విషయమునను మన చేయి దొడ్డది. దినమునకు అయిదు గ్రాములు, అనగా చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి మాట. పచ్చడి యొక్కటియే దానిని దాటించును.

మిగిలిన వంటలు సులభములు. ఉడికిన చిక్కుడు గింజలలో క్యారెట్టు కోరు కలిపి, ఆవాలు, ఎండుమిరప తిరుగమోత వేసి, నిమ్మరసము పిండిన గుగ్గిళ్లు. మెంతికూర కలిపి ఆవిరిపై ఉడికించిన కుడుములు. బీటురూటు రసముతో కలిపిన పిండికి వచ్చు ఎఱుపును చూచి పిల్లలు తామే చేయి చాతురు. అంగడి రంగుపొడి యేల? పచ్చి క్యారెట్టు, కీర ముక్కలకు పల్లీపొడి. గారెలు చేయక తప్పనివారు కాగిన నూనెనే మఱల మఱల కాచి వాడకుందురుగాక.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో పెద్దవారికి దినమునకు 400 గ్రాముల కూరగాయలు చెప్పబడినవి. పండుగ మూడు దినములును మనము దానిలో పావువంతైన తినుచున్నామా యనునది సందేహమే.

రైతు లాభమును గూర్చియు ఒక మాట. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 డిసెంబరు 23వ తేదీన ఏర్పడినందున ఆ దినమును ఏటేట సింగరేణి దినోత్సవముగా జరుపుదురు. అది మొదలు క్రొత్త సంవత్సరము, భోగి, సంక్రాంతి వఱకు కార్మికుల కాలనీలలో విందులు వరుసగా వచ్చును. సొర విత్తిన సుమారు రెండు నెలలకు కాయ కోతకు వచ్చును. ఆశ్వయుజములో విత్తినచో లేతకాయ ఆ విందులకు అందును. నలుగురైదుగురు సభ్యులు కలిసి ఒకే బండిలో సొర, ఉల్లికాడ, కొత్తిమీర, మునగాకు కట్టలను కాలనీ వాకిళ్లకే కొనిపోయిన, కిరాయి పంచుకొనబడును. దళారికి పోవు పాలు చేతిలో మిగులును. సర్వపిండి చేయువిధమును కూరతోపాటు చెప్పి యమ్మిన, కాయ త్వరగా చెల్లునని మా యనుభవము.

ఈ యేటి భోగినాడు ముప్పదిమందికి మా యింట విందు. ఆఱు లేత సొరలను, రెండు కిలోల పిండిని సిద్ధపఱచుకొనుచున్నాము. సర్వలు రెండే గలవు; మొదటి షిఫ్టు ముగిసిన పిమ్మట తమ యింటి సర్వను కూడ తెత్తుమని బావగారు కబురంపినారు.