స్మార్ట్ మీటరు ఎందుకు మూగబోతుంది?

బ్రిటన్‌లో స్మార్ట్ మీటరున్న ఇళ్లలో, కరెంటు మీటరును అంటిపెట్టుకుని ఓ చిన్న పెట్టె ఉంటుంది. పేరు కమ్యూనికేషన్స్ హబ్. కరెంటు, గ్యాస్ రీడింగులు కంపెనీకి చేరేది దీని ద్వారానే.

మరి ఒక్కోసారి ఎందుకు చేరవు? ముందు ఇంట్లోనే చూద్దాం. గ్యాస్ మీటరు బ్యాటరీతో నడుస్తుంది. ఆ బ్యాటరీ ఏళ్ల తరబడి రావాలి కదా! అందుకే అరగంటకోసారి లేచి హబ్‌తో మాట్లాడి, మళ్లీ నిద్రపోతుంది. ఆ మాటలు మోసేది ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలు. వైఫై కూడా వీటిని వాడుతుంది. మందపాటి రాతిగోడ అడ్డొస్తే ఇవి నీరసించిపోతాయి. పాత ఊళ్లలో అలాంటి గోడలకు కొదవా? అందుకని కొన్ని హబ్‌లు 868 మెగాహెర్ట్జ్‌నూ వాడతాయి. తరంగం పొడవు పెరిగితే గోడ దాటడం కాస్త సులువు.

బయటి దారి వేరు. దేశం మధ్య, దక్షిణ ప్రాంతాల్లో మొబైల్ నెట్‌వర్క్. ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో ఎక్కువ దూరం పోయే ప్రత్యేక రేడియో. మీటరు నేలమాళిగలో ఉంటే రెండింటికీ ఇబ్బందే.

ఇంకో తమాషా ఉంది. మొదటి తరం మీటర్లలో చాలావాటికి సిగ్నల్ బాగానే ఉన్నా, ఇంటివాళ్లు కంపెనీ మార్చగానే నోరు పడిపోయేది. కొత్త కంపెనీ కంప్యూటర్లకు వాటితో మాట్లాడే దారి లేదు మరి! తర్వాత వాటిని ఉమ్మడి నెట్‌వర్క్‌లోకి చేర్చడం మొదలుపెట్టారు.

సిగ్నల్ పోయినా లెక్క ఆగదు. కరెంటు మీటరు అరగంట లెక్కలను 13 నెలల దాకా తనలోనే దాచుకుంటుంది.