ఓటీపీ రాలేదు.. డబ్బు మాత్రం పోయింది!

కార్డులోంచి డబ్బు పోయిందని చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది ఒకటే. 'ఓటీపీ ఎవరికైనా చెప్పావా?' ఇంట్లో వాళ్లూ, ఆఫీసులో పక్క సీటు వాళ్లూ, చివరికి బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాళ్లూ అదే అడుగుతారు. ఆ ప్రశ్నలోనే తీర్పు ఉంటుంది.. తప్పు నీదేనని! అందుకే చాలామంది ఈ సంగతి బయటికి చెప్పరు. 'పోతే పోయిందిలే, నలుగురిలో నవ్వులపాలు కాకుంటే చాలు' అని ఊరుకుంటారు. నా డెబిట్ కార్డు నుంచి రాత్రికి రాత్రి 28 వేలు పోయినప్పుడు నేనూ ఆ ప్రశ్న విన్నా. దానికి జవాబు వెతుకుతుంటే అసలు విషయం తెలిసింది. తప్పు ఖాతాదారుదే అనుకుంటే, ఆ మాట రుజువు చేయాల్సింది బ్యాంకే!

82 రూపాయలతో మొదలు

అది శుక్రవారం. మర్నాడు రెండో శనివారం, బ్యాంకుకి సెలవు. రాత్రి పదకొండున్నరకి ఫోన్లో వరసగా మూడు మెసేజ్‌లు. మొదటిది 82 రూపాయలు. నిమిషం తర్వాత 14,260. ఆ వెంటనే మళ్లీ 14,260. మూడూ నేనెప్పుడూ పేరు వినని విదేశీ వెబ్‌సైట్‌కే వెళ్లాయి. కార్డేమో నా బ్యాగులోనే ఉంది. నాకు ఓటీపీ రాలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు, నేను ఏ లింకూ నొక్కలేదు. పోయింది ఇంటి అద్దెకీ, తమ్ముడి సెమిస్టర్ ఫీజుకీ పక్కన పెట్టిన డబ్బు.

ఓటీపీ లేకుండా ఎలా పోతుందంటారా? మన దేశంలో ఆన్‌లైన్‌లో కార్డుతో ఏదైనా కొంటే ఓటీపీలాంటి రెండో తనిఖీ ఉంటుంది. విదేశీ సైట్లన్నీ దాన్ని అడగవు. చాలాచోట్ల కార్డు నంబరు, గడువు తేదీ, వెనకుండే సీవీవీ ఉంటే చాలు. కొన్నిచోట్ల సీవీవీ కూడా అక్కర్లేదు. ఈ వివరాలు ఏదో షాపింగ్ సైట్ హ్యాక్ అయినప్పుడు బయటికి పోతాయి. లేదంటే మోసగాళ్లు సాఫ్ట్‌వేర్‌తో వేల కార్డు నంబర్లు తయారుచేసి, ఏది పనిచేస్తుందో ఒక్కోటీ ప్రయత్నిస్తారు. ఆ 82 రూపాయలు అలాంటి పరీక్షే. కార్డు బతికే ఉందని తేలాక పెద్ద మొత్తం లాగేస్తారు. కాబట్టి మీరు చేయని చెల్లింపు పది రూపాయలే అయినా 'ఏముందిలే' అని వదిలేయొద్దు.

ఆ పది నిమిషాలు

ముందుగా బ్యాంకు యాప్ తెరిచి, కార్డు సెట్టింగ్స్‌లో అంతర్జాతీయ, ఆన్‌లైన్ చెల్లింపులు రెండూ ఆఫ్ చేశా. దీనికి అర నిమిషం కూడా పట్టలేదు. ఆర్‌బీఐ చెప్పడంతో 2020 అక్టోబరు నుంచి బ్యాంకులన్నీ ఈ స్విచ్‌లు ఇస్తున్నాయి. ఆ తర్వాత కార్డు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేసి పూర్తిగా బ్లాక్ చేయించా. ఇలాంటప్పుడు కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు. అక్కడ నకిలీ నంబర్లు పెట్టుకుని కూర్చునేవాళ్లుంటారు. ఒక మోసం నుంచి బయటపడబోయి ఇంకో మోసంలో పడతాం.

ఫోన్ పెట్టేసే ముందు ఫిర్యాదు నంబరు అడిగి రాసుకున్నా. ఇది చాలా ముఖ్యం. 'మా టీమ్‌కి చెప్పాం మేడం' అంటే సరిపోదు, నంబరు ఉండాలి. తర్వాత సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టా. డబ్బు మన దేశంలోని మరో ఖాతాకి వెళ్తే, దాన్ని దారిలోనే ఆపడానికి ఈ 1930 పనికొస్తుంది. నాలా విదేశీ సైట్‌కి పోతే ఆపడం కష్టమే కానీ, ఆ రాత్రే ఫిర్యాదు చేశామనడానికి ఒక సాక్ష్యం ఉంటుంది. చివరగా మూడు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు జతచేసి బ్యాంకుకి మెయిల్ పంపా.

కౌంటర్ దగ్గర

సోమవారం ఉదయం బ్రాంచికి వెళ్లా.

"ఓటీపీ ఎవరికైనా చెప్పారా మేడం?"

"నాకు ఓటీపీయే రాలేదండీ."

"రాకుండా డబ్బెలా పోతుంది? మీకు తెలీకుండా ఎక్కడో చెప్పుంటారు. విదేశాలకి పోయింది కదా, ఇక రావడం కష్టం."

నేను వాదన పెట్టుకోలేదు. ఫోన్లో మెసేజ్‌లు చూపించా. ఫిర్యాదు నంబరు, సమయం, నా కార్డు నా దగ్గరే ఉందన్న విషయం రాసిన లేఖ ఇచ్చా. "ఇది తీసుకుని, రెండో కాపీ మీద ముద్ర వేసివ్వండి సార్" అన్నా. ఆయన ఓ క్షణం నా వైపు చూసి ముద్ర వేశారు. ఆ తర్వాత డిస్ప్యూట్ ఫారం కూడా ఆయనే వెతికి ఇచ్చారు. కాగితం మీద పెట్టాక మాట తీరే మారిపోయింది.

మూడు రోజుల లెక్క

ఈ విషయంలో ఆర్‌బీఐ 2017 జులైలోనే బ్యాంకులకి స్పష్టమైన నిబంధనలిచ్చింది. బ్యాంకు లోపం వల్ల డబ్బు పోతే మనం ఫిర్యాదు చేసినా చేయకున్నా నష్టం మొత్తం బ్యాంకుదే. మన తప్పూ, బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఇంకెక్కడో లోపం జరిగితే, మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లోపు చెప్తే మనకి ఒక్క రూపాయి నష్టం ఉండకూడదు. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు, సెలవులూ రావు. అంటే నాకు బుధవారం దాకా గడువుంది. అయినా ఆ రాత్రే చెప్పేశా.

నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెప్తే, మామూలు సేవింగ్స్ ఖాతాలో మన మీద పడే భారం గరిష్ఠంగా 10,000 రూపాయలు. బేసిక్ సేవింగ్స్ ఖాతాకైతే 5,000. ఏడు రోజులూ దాటితే ఆ బ్యాంకు సొంత విధానమే దిక్కు.

ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మన ఖాతాలో వేయాలి. వడ్డీ నష్టపోకుండా, డబ్బు పోయిన తేదీ నుంచే దాన్ని లెక్కగట్టాలి. తొంభై రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి. తప్పు ఖాతాదారుదే అంటే, ఆ రుజువు చూపించే బాధ్యత బ్యాంకుదే.

మరి నిజంగానే ఎవరైనా మాయమాటలకి నమ్మి ఓటీపీ చెప్పేస్తే? అప్పటిదాకా పోయింది ఖాతాదారే భరించాలి. కానీ ఫిర్యాదు చేసిన క్షణం నుంచి పోయే ప్రతి రూపాయీ బ్యాంకుదే. అందుకే సిగ్గుపడి ఆలస్యం చేస్తే నష్టం ఇంకా పెరుగుతుంది.

వచ్చిందా మరి?

తొమ్మిదో పనిదినానికి 28,602 రూపాయలు ఖాతాలో కనిపించాయి. కానీ హోల్డ్‌లో ఉన్నాయి, వాడుకోలేను. ఆ నెల అద్దెకి స్నేహితురాలి దగ్గర అప్పు చేశా. తమ్ముడి ఫీజు ఆలస్య రుసుంతో కట్టా. ఈలోపు 'రీఫండ్ డిపార్ట్‌మెంట్' అంటూ ఓ కాల్. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నాడు. వెంటనే కట్ చేశా. డబ్బు తిరిగివ్వడానికి ఎవరికీ మన స్క్రీన్‌తో పని లేదు. యాభై రోజులు దాటాక హోల్డ్ తీసేశారు. డబ్బు నాదైంది.

బ్యాంకు కాదన్నా, 30 రోజులైనా జవాబివ్వకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు. 'సీఎంఎస్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. రూపాయి ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేయొచ్చు. అక్కడా మొదట అడిగేది బ్యాంకుకి ఎప్పుడు ఫిర్యాదు చేశారనే.

ఇవన్నీ మనకి ఫోన్‌లో పని. ఊళ్లో అమ్మానాన్నల సంగతే వేరు. వాళ్ల ఖాతాకి ఇచ్చిన నంబరు ఎప్పుడో మానేసిన సిమ్‌ది అయి ఉండొచ్చు. అప్పుడు మెసేజ్ రాదు, డబ్బు పోయినట్టు పాస్‌బుక్ ప్రింట్ చేయించిన రోజు దాకా తెలీదు. ఈసారి ఇంటికెళ్లినప్పుడు నాన్న పక్కన కూర్చుని రెండు పనులు చేయండి. బ్యాంకులో ఇప్పటి నంబరే ఉందో లేదో చూడండి. ఆయన కార్డుకి అంతర్జాతీయ చెల్లింపుల స్విచ్ ఆఫ్‌లో పెట్టండి. 'నాకెందుకురా ఇవన్నీ' అంటారు. అన్నా సరే, పూర్తి చేసి రండి.